ఉప్పు ప్యాకెట్టులో సైనైడ్ ఉందా? లవణాల రకాలు, వాటి తయారీ

మెత్తటి ఉప్పు ప్యాకెట్టు కొన్నవాళ్ళు దాన్ని తిప్పి చూస్తే, చాలా బ్రాండ్ల మీద చిన్న అక్షరాల్లో ‘యాంటీకేకింగ్ ఏజెంట్ ఐఎన్‌ఎస్ 536’ అని కనిపిస్తుంది. ఆ 536 అంటే ఉప్పు గడ్డకట్టకుండా కలిపే పొటాషియం ఫెర్రోసైనైడ్. పేరు చివర సైనైడ్ ఉంది. అంతే, 2019లో ‘మన ఉప్పులో సైనైడ్ కలుపుతున్నారు’ అంటూ పెద్ద దుమారం లేచింది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వివరణ ఇచ్చాక కొంత సద్దుమణిగింది కానీ, ఆ వాట్సాప్ ఫార్వర్డ్ మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ‘కెమికల్ ఉప్పు మానేసి సహజమైన ఉప్పు వాడండి’ అనే సలహా కూడా దాని వెంటే వస్తుంది.

ప్రమాదం ఉందనో లేదనో ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. అలా చెబితే ఎవరి మాట నమ్మాలన్న గొడవే మిగులుతుంది. లవణం అంటే ఏమిటి, అవి ఎన్ని రకాలు, ఎలా తయారవుతాయి అన్నది కొంచెం తెలిస్తే ఈ లెక్క ఎవరికి వాళ్ళే వేసుకోవచ్చు.

ఆమ్లం, క్షారం కలిస్తే మిగిలేది

రసాయన శాస్త్రంలో లవణం అంటే ఒక్క వంట ఉప్పే కాదు, పెద్ద కుటుంబం. పచారీ కొట్టులో దొరికే పటిక, వెలిగారం, నవాసారం, వంట సోడా అన్నీ లవణాలే. అన్నభేది, మైలుతుత్తం, బాణసంచాలో వాడే సురేకారం కూడా అంతే. వీటిలో చాలావాటిని నోట్లో వేసుకోకూడదు. లవణం అన్నంత మాత్రాన ఉప్పగా ఉండాలనీ లేదు, తినదగ్గదై ఉండాలనీ లేదు.

ఒక ఆమ్లం, ఒక క్షారం కలిసినప్పుడు రెండూ తమ గుణం పోగొట్టుకుంటాయి. ఆమ్లంలోని హైడ్రోజన్, క్షారంలోని హైడ్రాక్సైడ్ కలిసి నీరవుతాయి. మిగిలిన రెండు భాగాలూ జతకట్టి లవణం అవుతాయి. దీన్నే తటస్థీకరణం అంటారు. లెక్క కచ్చితంగా ఉంటుంది: 40 గ్రాముల కాస్టిక్ సోడాకి 36.5 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆమ్లం సరిపోతుంది. చర్య పూర్తయ్యాక 58.5 గ్రాముల వంట ఉప్పు, 18 గ్రాముల నీరు వస్తాయి. విడివిడిగా చర్మాన్ని కాల్చే రెండు పదార్థాలు కలిసి కూరలో వేసుకునే ఉప్పవుతాయన్న మాట.

లవణంలోని రెండు భాగాలకీ విద్యుదావేశం ఉంటుంది. వాటిని అయాన్లు అంటాం. వంట ఉప్పులో ధనావేశం ఉన్న సోడియం, రుణావేశం ఉన్న క్లోరైడ్ ఒకదాని పక్కన ఒకటి వరుసగా పేర్చినట్టు ఉంటాయి. ఈ పట్టు ఎంత గట్టిదంటే ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అదే ఉప్పు గ్లాసుడు నీళ్ళలో వేస్తే క్షణాల్లో విడిపోతుంది. సోడియం దారి సోడియందే, క్లోరైడ్ దారి క్లోరైడ్‌దే. సైనైడ్ ప్రశ్నకి జవాబు చివరికి ఇక్కడికే వస్తుంది: నీళ్ళలో వేసినప్పుడు ఏది దేని నుంచి విడిపోతుంది?

పేరుకి ఆమ్లం, గుణానికి క్షారం

ఆమ్లంలోని హైడ్రోజన్ మొత్తం ఖర్చయిపోతే సాధారణ లవణం వస్తుంది. వంట ఉప్పు, సురేకారం ఈ రకం. కొన్ని ఆమ్లాల్లో తీసివేయదగ్గ హైడ్రోజన్లు రెండో మూడో ఉంటాయి. వాటిలో కొన్ని మిగిలిపోతే ఆమ్ల లవణం అంటారు. కార్బోనిక్ ఆమ్లంలో రెండున్నాయి. రెండూ పోతే చాకలి సోడా. ఒకటే పోయి ఒకటి మిగిలితే వంట సోడా.

చాలామంది పిల్లలు పరీక్షలో తడబడేది ఇక్కడే. వంట సోడా ఆమ్ల లవణం అయినప్పుడు దాని ద్రావణం పుల్లగా ఉండాలి కదా? ఉండదు, కొద్దిగా క్షారం వైపే మొగ్గుతుంది. దాని పీహెచ్ 8 పైన ఉంటుంది (7 దాటితే క్షారం, తగ్గితే ఆమ్లం). ‘ఆమ్ల లవణం’ అన్న పేరు అందులో ఇంకా హైడ్రోజన్ మిగిలుందని మాత్రమే చెబుతుంది. ద్రావణం గుణాన్ని నిర్ణయించేది వేరే: అది ఏ ఆమ్లం, ఏ క్షారం నుంచి వచ్చింది, వాటిలో ఏది బలమైనది. కాస్టిక్ సోడా బలమైన క్షారం, కార్బోనిక్ బలహీనమైన ఆమ్లం, కాబట్టి వాటి సంతానంలో క్షార గుణమే గెలుస్తుంది. నవాసారం సంగతి దీనికి తలకిందులు. అది బలమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి, బలహీనమైన అమ్మోనియాకి పుట్టింది. చూడ్డానికి సాధారణ లవణమే అయినా దాని ద్రావణం ఆమ్ల గుణం చూపిస్తుంది.

క్షార లవణంలో క్షారానికి చెందిన హైడ్రాక్సైడ్ కొంత మిగిలుంటుంది. రాగి చెంబు తోమకుండా వదిలేస్తే పట్టే ఆకుపచ్చ చిలుములో ఇదే ప్రధానం. దీనికి ఇంకో మంచి ఉదాహరణ తోటలు వేసే రైతులకి బాగా తెలిసిన బోర్డో మిశ్రమం. మైలుతుత్తం శిలీంద్రాల్ని చంపుతుంది కానీ దాని ద్రావణం ఆమ్లంగా ఉండటంతో ఆకుల్నీ మాడుస్తుంది. అందుకే ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు కలుపుతారు. సున్నం తగిలేసరికి అందులోని రాగి, నీళ్ళలో కరగని క్షార లవణంగా మారి ఆకుకి అంటుకుంటుంది. అక్కణ్ణుంచి కొద్దికొద్దిగా విడుదలవుతుంది. 1880ల్లో ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్ష తోటల్లో పుట్టిన ఈ మందు తయారీ అంతా ఒక లవణాన్ని ఇంకో రకం లవణంగా మార్చడమే.

తయారీ: పుస్తకంలో ఒకటి, ఫ్యాక్టరీలో ఇంకొకటి

పదో తరగతి పుస్తకంలో లవణాల తయారీ పద్ధతులు వరసగా ఉంటాయి. ఆమ్లంలో లోహం వేయడం, లోహపు ఆక్సైడో కార్బొనేటో వేయడం, క్షారంతో కలపడం, రెండు లవణాల ద్రావణాలు కలిపి అవక్షేపం (కరగక అడుక్కి దిగే పదార్థం) రప్పించడం. అన్నీ నిజమే. ఇనుప తుక్కుని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిస్తే అన్నభేది వస్తుంది. మైలుతుత్తం అంత సులువు కాదు. పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లానికి రాగి లొంగదు, వేడి చేస్తూ గాలి ఊదాల్సి ఉంటుంది. ముందు ఆక్సైడ్ అయితేనే అది ఆమ్లంలో కరుగుతుంది.

వంట ఉప్పుని మాత్రం ఆమ్లం, క్షారం కలిపి ఎవరూ తయారు చెయ్యరు. పరిశ్రమల్లో జరిగేది సరిగ్గా దీనికి ఎదురు. ఉప్పునీటిలోకి కరెంటు పంపి కాస్టిక్ సోడా, క్లోరిన్ తీస్తారు. ఆ క్లోరిన్ నుంచే హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేస్తారు. పుస్తకంలో అమ్మానాన్నలుగా చెప్పినవాళ్ళు ఫ్యాక్టరీలో బిడ్డకే పుడుతున్నారు.

మరి ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? శ్రీకాకుళం జిల్లా నౌపడ, బాపట్ల తీరాన చినగంజాం వైపు వెళ్ళినవాళ్ళు ఉప్పు మడులు చూసే ఉంటారు. అక్కడ జరిగేది తయారీ అనడం కన్నా వేరు చెయ్యడం అనడం సబబు. కిలో సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి, అందులో ముప్పావు వంతుకి పైగా వంట ఉప్పే. మిగతాది మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. ఎండకి నీరు ఇగిరేకొద్దీ ఇవన్నీ ఒకేసారి గడ్డకట్టవు, ఒక వరసలో దిగుతాయి. ముందు కాల్షియం కార్బొనేట్, నీరు సుమారు అయిదో వంతుకి తగ్గేసరికి జిప్సం, పదో వంతుకి తగ్గేసరికి వంట ఉప్పు. అందుకే నీటిని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్ళిస్తూ, జిప్సం వెనక మడుల్లో దిగిపోయాక చిక్కటి నీటిని ఉప్పు దిగే మడిలోకి వదులుతారు. ఉప్పునీటి చిక్కదనం కొలిచే బోమే మీటరు 25 డిగ్రీలు చూపించినప్పుడు ఉప్పు మొదలవుతుంది. సుమారు 30 దాటకముందే మిగిలిన చేదు నీటిని బయటికి పంపెయ్యాలి. లేకపోతే మెగ్నీషియం లవణాలు ఉప్పుని అంటిపెట్టుకుంటాయి.

వానాకాలంలో రాళ్ళ ఉప్పు జాడీలో నీరు కారడానికి కారణం ఆ మెగ్నీషియం క్లోరైడే. శుద్ధమైన వంట ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే గానీ చెమ్మగిల్లదు. మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం తేమే ఎక్కువ, మన కోస్తాలో ఏడాది పొడుగునా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. చెమ్మగిల్లి, మళ్ళీ ఆరి, గింజకి గింజ అతుక్కుని గడ్డ అవుతుంది. శుద్ధి చేసిన ఉప్పుక్కూడా ఈ గడ్డకట్టే గుణం ఉంది, కాకపోతే తక్కువ. ఐఎన్‌ఎస్ 536 పని ఇక్కడే.

కరిగే గుణంలో ఉన్న ఈ తేడాలే అసలైన పనిముట్లు. సురేకారం తయారీ చూడండి. సోడియం నైట్రేట్, పొటాషియం క్లోరైడ్ రెండూ నీళ్ళలో కలిపితే నాలుగు రకాల అయాన్లు కలగాపులగంగా తిరుగుతుంటాయి, ఏదీ తయారైనట్టు కాదు. నీళ్ళు బాగా మరిగించి చిక్కబరిస్తే వంట ఉప్పు అడుగుకి చేరుతుంది. దాన్ని వేడి మీదే వడకట్టి చల్లారిస్తే సురేకారం దిగుతుంది. కారణం అంకెల్లో ఉంది: వంద గ్రాముల నీటిలో 100 డిగ్రీల దగ్గర సుమారు 246 గ్రాముల సురేకారం కరిగి ఉండగలదు, 20 డిగ్రీల దగ్గర 32 గ్రాములే. వంట ఉప్పు మాత్రం వేడి నీటిలోనూ చల్లటి నీటిలోనూ 36 నుంచి 39 గ్రాముల మధ్యే ఉంటుంది.

చాకలి సోడాది ఇంకా తమాషా. సున్నపురాయి, వంట ఉప్పు చవగ్గా దొరుకుతాయి. వాటి నుంచి చాకలి సోడా, కాల్షియం క్లోరైడ్ వస్తే బాగుండు. కానీ ఆ రెండూ నీళ్ళలో వేసి ఎంత కలిపినా ఏమీ జరగదు. సున్నపురాయి అసలు కరగదు, నిజానికి ఆ చర్య వెనక్కి నడుస్తుంది. 1861లో బెల్జియంకి చెందిన ఎర్నెస్ట్ సాల్వే దీన్ని చుట్టుదారిలో సాధించాడు. ఉప్పునీటిని అమ్మోనియాతో నింపి, సున్నపురాయిని కాల్చగా వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని అందులోకి పంపాడు. ఆ నీటిలో అంతగా కరగలేని వంట సోడా కిందికి దిగుతుంది, దాన్ని కాలిస్తే చాకలి సోడా. అమ్మోనియాని సున్నంతో తిరిగి రాబట్టి మళ్ళీ వాడతారు. గుజరాత్‌లోని మిఠాపూర్ లాంటి చోట్ల నడిచే సోడా పరిశ్రమకి మూలం ఇదే.

పటిక ఒకలా, ఫెర్రోసైనైడ్ ఇంకోలా

రెండు లవణాలు ఒకే స్ఫటికంలో కలిసి దిగితే ద్వంద్వ లవణం. పొటాషియం సల్ఫేట్, అల్యూమినియం సల్ఫేట్, వాటితో పాటు నీటి అణువులు కలిస్తే పటిక. ఇంటర్, డిగ్రీ ల్యాబుల్లో చేసే మోర్ లవణం కూడా ఈ కోవదే, అందులో ఇనుము, అమ్మోనియం సల్ఫేట్లు ఉంటాయి. స్ఫటికంగా ఉన్నంతవరకే వీటి స్నేహం. నీళ్ళలో పడగానే అన్ని అయాన్లూ ఎవరికి వారే. బురద నీటిలో పటిక తిప్పితే మట్టి అడుక్కి చేరేది ఆ విడిపోయిన అల్యూమినియం వల్లే.

సంశ్లిష్ట లవణం అలా కాదు. ఇందులో ఒక లోహపు అయాను చుట్టూ కొన్ని అణువులో అయాన్లో గట్టిగా అతుక్కుని ఒకే ముక్కగా మారతాయి. నీళ్ళలో వేసినా ఆ ముక్క ముక్కగానే ఉంటుంది.

చూడ్డానికి రెండూ నీళ్ళలో కరిగే స్ఫటికాలే, మరి ఈ తేడా ఎలా పట్టుకున్నారు? 1890ల్లో రసాయన శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ ముందు ఉన్న చిక్కు ఇదే. కోబాల్ట్ క్లోరైడ్, అమ్మోనియా కలిసిన కొన్ని లవణాలున్నాయి. అన్నిటిలోనూ కోబాల్ట్ ఒకటి, క్లోరిన్ మూడు. అమ్మోనియా మాత్రం ఒకదానిలో ఆరు, ఇంకోదానిలో అయిదు, మరోదానిలో నాలుగు. క్లోరైడ్ విడిగా ఉంటే సిల్వర్ నైట్రేట్ దాన్ని తెల్లటి అవక్షేపంగా పట్టేస్తుంది. మొదటిదానిలో మూడు క్లోరైడ్లూ దొరికాయి, రెండోదానిలో రెండే, మూడోదానిలో ఒక్కటే. మిగతావి కోబాల్ట్‌ని వదల్లేదు. సీసాలో ఏమున్నాయన్నది ఒక ప్రశ్న, వాటిలో చర్యకి విడిగా దొరికేవి ఏవన్నది ఇంకో ప్రశ్న. ఈ పని మీద వెర్నర్‌కి 1913లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు 536 దగ్గరికి వద్దాం. పొటాషియం ఫెర్రోసైనైడ్‌లో ఒక ఇనుము చుట్టూ ఆరు సైనైడ్లు అతుక్కుని ఉంటాయి. నీళ్ళలో వేస్తే పొటాషియం విడిపోతుంది. ఇనుము, ఆరు సైనైడ్ల ముక్క అలాగే ఉంటుంది. మోర్ లవణం ద్రావణంలో కాస్టిక్ సోడా వేస్తే ఇనుము ఉందని చెప్పే మురికి ఆకుపచ్చ అవక్షేపం వస్తుంది. ఫెర్రోసైనైడ్ ద్రావణంలో వేస్తే రాదు. లోపల ఇనుము ఉన్నా పరీక్షకి అందదు, సైనైడ్ సంగతీ అంతే. పొటాషియం సైనైడ్ అయితే సాధారణ లవణం. నీళ్ళలో పడగానే సైనైడ్ విడిపోతుంది, చిటికెడు చాలు ప్రాణం తియ్యడానికి.

ఈ భయానికి ఆధారమే లేదని మాత్రం చెప్పలేం. ఫెర్రోసైనైడ్‌ని గాఢమైన ఆమ్లంలో వేడి చేస్తే విషవాయువు వస్తుందన్నది నిజం. ల్యాబుల్లో దీన్ని ఆమ్లాలకి దూరంగా ఉంచేది అందుకే. కానీ మన కడుపులో ఉండేది పలుచని ఆమ్లం, వేడి 37 డిగ్రీలే. పొయ్యి మీద వేడికి విడిపోతుందన్న వాదన కూడా నిలవదు. దాని సోడియం రూపం విడిపోవడానికే 400 డిగ్రీలు దాటాలి, కాగే నూనె 200 దగ్గర ఉంటుంది.

ఇంకొకటి. ఇదే ఫెర్రోసైనైడ్‌కి ఇనుము జతచేస్తే వచ్చే ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పదార్థాన్ని మందుగా ఇస్తారు. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో రేడియోధార్మిక సీసియం ఒంట్లో చేరినవాళ్ళకి వాడారు. ఇప్పుడు పెద్దవాళ్ళకి చెప్పే మోతాదు పూటకి 3 గ్రాములు, రోజుకి మూడుసార్లు.

రోజూ ఎంత తింటున్నాం?

ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతించిన గరిష్ఠ పరిమితి కిలో ఉప్పుకి 10 మిల్లీగ్రాముల ఫెర్రోసైనైడ్. మనం ఉప్పు కాస్త ధారాళంగానే తింటాం కాబట్టి రోజుకి 10 గ్రాములు అనుకుందాం. అందులో ఉండేది 0.1 మిల్లీగ్రాము.

జీవితాంతం రోజూ తిన్నా ఫర్వాలేదని అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన హద్దు శరీర బరువులో కిలోకి 0.025 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 1.5 మిల్లీగ్రాములు. అక్కడిదాకా వెళ్ళాలంటే రోజుకి 150 గ్రాముల ఉప్పు తినాలి. ఫెర్రోసైనైడ్ సంగతి దేవుడెరుగు, అంత ఉప్పే ముందు ప్రాణం మీదికి తెస్తుంది.

వాదనలు ఎంతవరకు నిలుస్తాయి

‘ఉప్పులో సైనైడ్ విషం ఉంది’ అన్న వాదన పై లెక్కతో కూలిపోతుంది. కానీ వ్యతిరేకించేవాళ్ళంతా ఈ మాటే అనడం లేదు. గడ్డకట్టకుండా జారడం అమ్మేవాడి సౌకర్యమే తప్ప తినేవాడి ఆరోగ్యానికి దానితో ఏం పని అని కొందరు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్నే. రాళ్ళ ఉప్పు వాడేవాళ్ళకి 536 అక్కర్లేదు, సిలికాన్ డయాక్సైడ్ లాంటి ప్రత్యామ్నాయాలూ ఉన్నాయి. వాటిని ఎక్కువ మోతాదులో కలపాలి, ఫెర్రోసైనైడ్ అయితే పదిలక్షల్లో పది పాళ్ళతో పని అయిపోతుంది, కంపెనీల మొగ్గు అందుకే. పేరు రాయకుండా నంబరు రాయడం మీద ఉన్న అభ్యంతరం కూడా సబబైనదేనని నాకనిపిస్తుంది. దాచినట్టు కనిపించే దాని మీదే పుకార్లు పుడతాయి.

‘సహజ ఉప్పు’ పక్షం ఎక్కువగా సైంధవ లవణం పేరు చెబుతుంది. అది గనుల్లో తవ్వి తీసేది. మనకి ఇదివరకు వచ్చిన గులాబీ రంగుది చాలావరకు పాకిస్థాన్‌లోని ఖేవ్రా గనుల సరుకు, 2025 మేలో ఆ దేశం నుంచి దిగుమతులన్నీ ఆగిపోయాయి. కోట్ల ఏళ్ళ క్రితం ఎండిన సముద్రపు ఉప్పే అది, అందులోనూ 97, 98 శాతం సోడియం క్లోరైడే. ఆ గులాబీ రంగు ఇనుప ఆక్సైడ్‌ది. మిగతా ఖనిజాలు ఎన్ని ఉన్నాయని చెప్పినా, రోజుకి 5 గ్రాములు తింటే అన్నీ కలిపి వచ్చేది 100, 150 మిల్లీగ్రాములు. రుచి నచ్చితే వాడుకోవచ్చు, బీపీ విషయంలో మాత్రం దానికీ మామూలు ఉప్పుకీ తేడా లేదు.

అయోడిన్ దగ్గర తేడా ఉంది. మన దేశంలో నేరుగా తినడానికి అమ్మే ఉప్పులో 2006 నుంచి అయోడిన్ తప్పనిసరి. పొటాషియం అయోడేట్ అనే ఇంకో లవణాన్ని కలుపుతారు. కొనేవాడి చేతికొచ్చేసరికి గ్రాము ఉప్పుకి కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలి. పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది సుమారు 150. పది గ్రాముల ఉప్పుకి లెక్క సరిపోతుంది, అయిదు గ్రాములే తింటే సగం వస్తుంది. అయోడిన్ కలపని రాళ్ళ ఉప్పుకో సైంధవానికో పూర్తిగా మారినవాళ్ళు ఆ లోటు చేపలు, పాలు, గుడ్ల నుంచి పూడ్చుకోవాల్సి ఉంటుంది.

ఇక ‘లో సోడియం’ ఉప్పు. అందులో సోడియం క్లోరైడ్‌లో కొంత భాగం తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. పేరులో భయపెట్టేది ఏమీ లేదు. చైనాలో 600 ఊళ్ళలో దాదాపు 21 వేల మంది మీద జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో ఇలాంటి ఉప్పు వాడినవాళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇళ్ళలో వాడే ఉప్పుకి బదులు దీన్ని సూచించింది, కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళని, గర్భిణుల్ని, పిల్లల్ని మినహాయించింది. కిడ్నీలు సరిగా పనిచెయ్యనప్పుడు పొటాషియం రక్తంలోనే పేరుకుపోయి గుండె లయ తప్పుతుంది. బీపీకి వాడే కొన్ని రకాల మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. ఫెర్రోసైనైడ్ మిల్లీగ్రాములో పదో వంతు దగ్గర ఆగిపోతే, ఈ ప్యాకెట్టులో పొటాషియం క్లోరైడ్ నూటికి పాతిక పాళ్ళు కూడా ఉండొచ్చు.